పూడ్చిన బావి

చౌటుప్పల్ పక్కన పొలం అమ్మిననాడే దశరథ్‌కు భార్య అండాలు చెప్పింది: "కూసోని తింటే కొండలైనా కరుగుతయి." అతను వినలేదు. కారు కొన్నాడు, దావతులిచ్చాడు. పైసలు కరుగుతున్నా, పొట్ట పెరుగుతున్నా రేపు చూద్దాంలే అన్నాడు.

అండాలు పోయిన ఏడాదికి, దవాఖానలో షుగరు చూసిన డాక్టరు అన్నాడు: "ఇట్ల కూసోని తింటే కష్టం. రోజూ నడువు." ఆ గొంతు అండాలుదే అనిపించింది.

నడవడానికి చదునైన బాట ఇళ్ల ప్లాట్లు వేసిన వెంచర్‌లోనే ఉంది. ఆ వెంచర్ ఒకప్పుడు అతని పొలమే. పొద్దున్నే అక్కడ నడుస్తాడు. తమ పాత బావిని పూడ్చిన చోటుకు రాగానే పక్కకు తప్పుకుంటాడు.

"ఆడ ఏం లేదు పెద్దాయనా, సీదా నడువు," అన్నాడు వాచ్‌మెన్.

"మెల్లగ మాట్లాడు బిడ్డా. మా అండాలు నీళ్లు చేదుతాంది."