అరుగు మీది కంప్యూటర్

గణపవరం దగ్గర చేపల చెరువులున్న మా పిన్ని ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉండేవి. బాబాయి పోయాక ఆయన ఫొటోలూ, గొంతూ మిగిలింది హాల్లో ఉన్నదాంట్లోనే. అరుగు మీద ఉన్న పాతదాంట్లో యాంటీవైరస్ తప్ప ఏమీ లేదు. ఎవరు పెన్‌డ్రైవ్ తెచ్చినా ముందు అందులో పెట్టి చూడాల్సిందే.

చేపపిల్లల విషయంలోనూ పిన్ని పద్ధతి అదే. కొత్తవి వస్తే ముందు చిన్న గుంటలో ఉంచి, జబ్బు లేదని తేలాకే పెద్ద చెరువులో వదిలేది. ఒకే ఒక్కసారి, సొంత అన్నగారు తెచ్చినవి కదా అని మొహమాటపడి నేరుగా వదిలేసింది. వాటితో వచ్చిన జబ్బుకి చెరువులో ఒక్క చేప మిగల్లేదు.

కొత్త అల్లుడు పెన్‌డ్రైవ్‌లో పెళ్ళి ఫొటోలు తెచ్చి హాల్లో కంప్యూటర్ ముందు కూర్చోబోయాడు. పిన్ని నవ్వుతూ చెయ్యి చాపింది.

"మీరు కాఫీ తాగండి అల్లుడుగారూ. అది మాత్రం కాసేపు అరుగు మీదుంటుందండి."

అల్లుడి మొహం ఎర్రబడింది. కాసేపటికి అరుగు మీద తెర కూడా ఎర్రబడింది. వైరస్! పిన్ని ఆ మాటే ఎత్తకుండా దాన్ని తీసేసి, అందరికీ ఫొటోలు చూపించింది.

అంతకంటే నన్ను నివ్వెరపరిచింది మరో మధ్యాహ్నం. తాడేపల్లిగూడెం స్టూడియోలో బాబాయి ఫొటో ప్రింటు వేయించుకుని వచ్చిన పిన్ని, చెమటైనా తుడుచుకోకుండా తన పెన్‌డ్రైవ్‌నే అరుగు మీది కంప్యూటర్‌కి పెట్టి కూర్చుంది.

"అది మీదే కదా పిన్నీ?" అన్నాను.

"నాదేనమ్మా," అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "ఆ రోజు చెరువులో చేపపిల్లల్ని వదిలిన చెయ్యీ నాదే కదా!"