మూడో రాజు, నా ఒక్క పద్యం

శ్రీరస్తు. విఘ్ననాయకునికి, వాగ్దేవికి, వారిద్దరి తరువాత పద్యనాటకాన్ని నిజంగా నడిపించే హార్మోనియం పెట్టెకు నమస్కరించి, మాఘ శుద్ధ దశమి నాటి మధ్యాహ్నం ఈ జ్ఞాపకం వ్రాయడానికి కూర్చున్నాను. ఉదయం భూపాలపల్లి నుండి ఒక ఫోను వచ్చింది. "సారూ, నేను మూడో రాజు బిడ్డను. బాపుకు పానం బాగుంటలేదు. మంత్రిని ఒక్కపారి రమ్మను, గా పద్యం ఇనాలె అని ఒక్కతీరుగ యాది చేస్తుండు" అన్నది ఆమె. మంత్రిని నేనే. ఆ పద్యం సంగతి చెప్పాలంటే కొంత వెనుకకు పోవాలి.

ఆ రోజుల్లో మా ప్రాంతపు పద్యనాటకాలలో ఒక పాత్రను ఆసాంతం ఒకే నటుడు ధరించాలనే సంకుచిత నియమం ఉండేది కాదు. రాజసభలో ఒక రాజు, అడవిలో మరొక రాజు, పట్టాభిషేకానికి ఇంకొక రాజు. సభలో పొట్టిగా, లావుగా కనిపించిన ప్రభువు అడవికి వెళ్లేసరికి సన్నబడి జానెడు పొడుగు పెరిగినా ప్రేక్షకులు ప్రశ్నించేవారు కారు (వనవాస కష్టాలలో చిక్కిపోవడం సహజమే, పొడుగు సంగతి మాత్రం నాకిప్పటికీ అంతుపట్టలేదు). మంచి గొంతున్న వారెవ్వరూ రాజు కంటె తక్కువ వేషానికి ఒప్పుకొనరు గనుక, అందరినీ రాజులనే చేయడం నిర్వాహకులకు క్షేమకరంగా ఉండేది. మొదటి రాజు జనగామలో బియ్యం మిల్లు గుమాస్తా. రెండో రాజు మానుకోటలో (మహబూబాబాదును మేమిప్పటికీ అట్లాగే అంటాము) రైలు పట్టాల మీద పనిచేసేవాడు. మూడో రాజుది భూపాలపల్లి బొగ్గుగని. పగలు పై అధికారి ముందు చేతులు కట్టుకొని నిలబడి, సెలవు చీటీలో విరేచనాలని వ్రాసి, చీకటి పడేసరికి సింహాసనం ఎక్కేవారు. పెరుగు మానడం, మెడకు మఫ్లరు చుట్టడం, తోటి నటుని గొంతు ఈ నడుమ చెడిపోయిందని నలుగురిలో జాలిపడడం వారి నిత్యసాధన.

నేను అప్పుడే చదువు ముగించుకొని తొర్రూరు బడిలో తెలుగు పండితునిగా చేరాను. హోటలులో కూర్చుండి "ఇంకొకించుక చక్కెర దయచేయుడు" అని అడిగే వయస్సు. ఆ భాష విని ముచ్చటపడి నాకు మంత్రి వేషం ఇచ్చారు. రాజ్యం పోగొట్టుకున్న రాజు అడవులు తిరిగి మళ్లీ గద్దె నెక్కే కథ అది. నాకు మొదటి రంగం నిండా వచనమే. పద్యం ఒకటే ఒకటి. అదీ చివరి రంగంలో, మూడో రాజుకు కిరీటం అందిస్తూ పాడే ఉత్పలమాల. ఆ నాలుగు పాదాలతో నా కీర్తి నాలుగు దిక్కులకూ పోవునని నిశ్చయించుకొని వర్షాకాలమంతా సాధన చేశాను. నేను అద్దెకున్న ఇంటి అవ్వ ఒకనాడు దణ్ణం పెట్టి, "పంతులూ, నీ కాల్మొక్త, గా రాగం జర తక్కువ తీయి. బర్రె పాలు సేపుతలేదు" అన్నది. పశువులకు కావ్యాభిరుచి లేకపోవడం నా దోషం కాదనుకున్నాను.

నర్సింహులపేట దగ్గరి ఒక ఊరిలో ప్రదర్శన. మొదటి రాజు సభారంగంలో మొదటి పద్యం ఎత్తుకోగానే జనగామ నుండి ఆయన వెంట లారీలో వచ్చిన అభిమానులు "వన్స్ మోర్!" అన్నారు. ఆ మాట వినబడిన తరువాత మళ్లీ పాడకపోవడం మా రంగస్థల ధర్మంలో మహాపాతకం. ఆయన పాడాడు. మళ్లీ అన్నారు. మళ్లీ పాడాడు. శత్రువులు కోట ముట్టడించారని నేను విన్నవించిన తరువాత కూడ సింహాసనం దిగలేదు. తెర వెనుక నారచీరలు కట్టుకొని అడవికి సిద్ధంగా ఉన్న రెండో రాజు గొంతు నాకు వినబడుతూనే ఉన్నది.

"జర ఓర్సుకోరాదే అన్నా" అని మూడో రాజు బతిమాలుతున్నాడు.

"ఎంతసేపు ఓర్సుకోవాలె? వాడు దిగుతడా సస్తడా? నా గడ్డం ఊడొస్తాంది!"

మరుక్షణమే రెండో రాజు తెర తోసుకొని వచ్చి, పోయిన రాజ్యాన్ని తలచుకొని విలపించే పద్యం గొంతెత్తి పాడసాగాడు. పోయిన ఆ రాజ్యాన్ని ఏలుతూ మొదటి రాజు పక్కనే కూర్చుండి ఉన్నాడు. హార్మోనిస్టు పక్షపాత మెరుగని మహానుభావుడు. ఎవరు పాడితే వారికి వాయించాడు. జనం నోళ్లు తెరిచారు. ముందు వరుసలో చాప పరుచుకొని కూర్చున్న తండా అవ్వ ఒకామె లేచి, "ఏంది బిడ్డా, మా తండా దిక్కు ఒక్క పెద్దమనిషన్న తొంగి సూడడు, మీకు ఒక్కనాడే ఇద్దరు రాజులా?" అన్నది. ఊరంతా ఘొల్లుమన్నది.

"ఏ పంతులూ, మంత్రివి గాదా? గాయిన్ని ఎల్లగొట్టు" అని మొదటి రాజు పండ్ల నడుమ నుండి గొణిగాడు.

"ముందుగాల గాయిన్ని దించు" అని రెండో రాజు నా పంచె పట్టి గుంజాడు.

అప్పుడు నాలోని పాండిత్యం నిద్రలేచింది. అది నిద్రలోనే ఉండి ఉంటే ఎంత బాగుండేది! ముందుకు వచ్చి చేయెత్తి, "సభాసదులారా! ఒకే ప్రభువు రెండు మూర్తులు దాల్చుట మన పురాణములకు క్రొత్త గాదు. ఉభయులును గానము చేయుదురు గాక! వీరిలో నిజమైన ఏలిక ఎవ్వరో మీ కరతాళములే నిర్ణయించును గాక!" అన్నాను. చప్పట్లు మ్రోగాయి. జీవితంలో నాకు పడిన మొదటి చప్పట్లు అవి. ఎంతటి ధర్మనిర్ణయం చేశానని పొంగిపోయాను. నా పద్యం మెడకు నేనే ఉరి బిగించానని తెలియలేదు.

జనగామ లారీ ఒకవైపు, మానుకోట ట్రాక్టర్లు మరొకవైపు. ఒకరికి వన్స్ మోర్ అంటే రెండవవారికి రెండు. రాజులిద్దరూ తమ పద్యాలే కాక మూడో రాజు పద్యాలు, చివరకు రాణి పద్యాలు కూడ పాడుకున్నారు. నడుమ స్థానిక నాయకుడొకాయన వేదిక నెక్కి, రాజుల కిద్దరికీ చెరొక చామంతి దండ వేసి, శాలువా మాత్రం తానే కప్పించుకొని, కళలను కాపాడవలసిన అవసరం గురించి రెండు పద్యాలకు పట్టేంత సమయం మాట్లాడాడు. నిజమైన ఏలిక ఎవ్వరో నాకు అప్పుడు తెలిసింది.

తెర వెనుకకు వెళ్లి చూస్తే మూడో రాజు ఒళ్లో కిరీటం పెట్టుకొని పెట్టె మీద కూర్చుండి ఉన్నాడు. మీసం తడుస్తుందని చాయ కూడ త్రాగలేదు. "మంత్రీ, మనదాక వస్తదంటవా?" అన్నాడు.

"తప్పక వచ్చును" అన్నాను.

వచ్చింది, సూర్యునితో పాటు వచ్చింది. మేమిద్దరం వేదిక మీదికి వెళ్లేసరికి జనం చాపలు చుట్టుకొని పొలాలకు లేస్తున్నారు. నేను కిరీటం చేతిలోకి తీసుకొని, కండ్లు మూసి, "దేవర!" అని ఎత్తుకున్నాను. ఆ ఒక్క మాటే మైకులో వినబడింది. కండ్లు తెరిస్తే మైకు అతను వైరు చుడుతున్నాడు.

"ఏమనుకోకుండ్రి సారూ, మరిపెడల పెండ్లున్నది. పొద్దుగాలనే సెట్టు పోవాలె."

"ఒక్క పద్యము నాయనా!"

"పెండ్లికి రాండ్రి సారూ, ఆడ పాడుదురు."

హార్మోనిస్టు పెట్టె మూసి తాళం వేశాడు. ఆనాడు మూడో రాజుకు ఒక్క పద్యమైనా పాడే వంతు రానే లేదు.

తిరుగు బస్సులో ఆయన ముఖాన రంగు అట్లాగే ఉన్నది. కండక్టరు, "రాజా, జర ముందుకు జరుగుండ్రి, పబ్లిక్ ఎక్కాలె" అన్నాడు. తొర్రూరులో నేను దిగబోతుంటే ఆయన, "గా ఇద్దరికి మస్తు తీర్పు జెప్పినవు పంతులూ. మనమిద్దరం నీకు యాదికి రాలేదా?" అన్నాడు.

"ఇప్పుడే పాడుదునా?" అన్నాను.

"బస్సులనా? ఒద్దు. ఎప్పుడన్న కిరీటం పెట్టుకొనే నీ పద్యం ఇంట."

ఆ 'ఎప్పుడన్న' రాలేదు. ఇంటింటికీ టీవీ వచ్చింది, ఊళ్లు నాటకాలు పిలవడం మానుకున్నాయి. పట్టాభిషేకం జరగకుండానే మా రాజు గని నుండి పదవీ విరమణ పొందాడు. మొదటి ఇద్దరు రాజులూ కాలం చేశారు. వారి సంస్మరణ సభలో ఎవరి ఫోటో కుడివైపు ఉండాలనే విషయమై అభిమానులు మళ్లీ కొట్లాడుకున్నారు. తీర్పు చెప్పుమని నన్ను అడిగితే, అంతలోనే నాకు బస్సు వేళ అయినది. పండితుడు కూడ అప్పుడప్పుడు నేర్చుకుంటాడు. ఆ ఉత్పలమాలను మాత్రం ఇన్నేళ్లూ స్నానాల గదిలో పాడుకుంటూనే ఉన్నాను. నీళ్లు కాచి ఇచ్చే మా ఇంటావిడ ఒక్కనాడూ వన్స్ మోర్ అనలేదు.

మాఘ బహుళ తదియ. నిన్న భూపాలపల్లి వెళ్లి వచ్చాను. బొగ్గు దుమ్ము పీల్చిన రొమ్ముతో ఆయన మంచం మీద ఊపిరి అందక ఎగపోస్తున్నాడు. బిడ్డ వీపు వెనుక దిండ్లు పెట్టి లేపి, చెవికి మిషను తగిలించింది. పెట్టెలో నుండి కిరీటం తీసింది. బంగారు కాగితం సగం ఊడిపోయింది. మనుమరాలు ఫోను ఎత్తిపట్టుకొని, "తాతా, రాగం జర చిన్నగ తీయి, రీలుకు అరనిమిషమే" అన్నది. ఆయన చేతితోనే ఆమెను కూర్చుండమన్నాడు. నేను కిరీటం ఆయన తలమీద పెట్టి పద్యం పాడాను. నాలుగు పాదాలూ ఆయన కండ్లు మూసుకొని విన్నాడు. తెరిచి, వ్రేలు పైకెత్తి, "వన్స్ మోర్" అన్నాడు.

మళ్లీ పాడాను.