చివర ఓనా, ఆనా

మా ఆయన జ్వరంతో పోయిన మూడో నెలలో అత్తగారు నన్ను కోదాడ నుంచి పుట్టింటికి పంపేశారు. మిర్యాలగూడలో అన్నయ్య ఇల్లు. వదినకు నేను బరువయ్యాను. నిజాం రాజ్యం చివరి రోజులవి. సూర్యాపేట మిషన్ దవాఖానలో కట్ల గుడ్డలు ఉతకడానికి మనిషి కావాలంటే అన్నయ్యే తీసుకెళ్లి దించి వచ్చాడు. నాకు పంతొమ్మిదేళ్లు. పగలు పనిలో గడిచేది. సాయంత్రం పలకరించేవాళ్లు లేరు.

అక్కడి పెద్ద సిస్టరమ్మది ఇటలీ. ఆమె భాష అక్కడ ఇంకెవరికీ రాదు. కళ్లకు పొరలు కమ్మి చెల్లెలికి ఉత్తరాలు రాసుకోలేకపోయేది. నేను కాస్త చదువుకున్నానని తెలిసి, "నేను చెప్త, నువ్వు రాస్తవా?" అని అడిగింది.

అక్షరాలు నెలలో పట్టుబడ్డాయి. తిప్పలు పెట్టింది మాటల్లోని ఆడ, మగ. మంచం మగది, దాని ముందు 'ఇల్'. తలుపు ఆడది, దాని ముందు 'లా'. తెల్లని మంచం 'బియాంకో' అయితే, తెల్లని తలుపు 'బియాంకా' కావాలి.

"తలుపు ఆడదెట్లయింది సిస్టరమ్మా?"

"మా అమ్మ గట్లనే అన్నది. నేను గట్లనే అంటున్న."

మనకు ఆవైనా ఎద్దైనా తెల్లదంటే తెల్లదే. బడిలో చదివిన ఉర్దూ గుర్తొచ్చి, "అచ్ఛా, అచ్ఛీ లెక్కనా?" అన్నాను. ఆమె నవ్వి నా చెయ్యి పట్టుకుంది. కోదాడ వదిలాక నన్ను ఇంకో మనిషి ఆప్యాయంగా తాకడం అదే మొదలు.

ఒకసారి ఉత్తరం మొదట్లో చెల్లెలికి ప్రియమైన అనడానికి 'కారా' అని రాయాల్సింది 'కారో' అని రాశాను. "మా చెల్లెకు మీసాలు పెట్టినవ్" అంది.

ఆ చలికాలం చెల్లెలూ ఆమె భర్తా ఇద్దరూ మంచం పట్టారని కబురొచ్చింది. వానలు మొదలయ్యాక మరో ఉత్తరం వచ్చింది. రాత కొత్తది. పై వరసలు తడిసి సిరా పాకింది. మధ్యాహ్నం ఆమె కట్లు చుడుతుంటే చదవడం మొదలుపెట్టాను. కనబడిన మొదటి మాట 'మోర్తా'. అర్థం తెలియకుండానే పలికాను. ఆమె చేతులు ఆగాయి.

"చివర ఓనా, ఆనా? జర మంచిగ సూడు."

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. "ఆ."

"అయితే మరిది కాదు. మా చెల్లెనే పోయింది."

మిగతాదంతా చదవమంది. చదివాను. ఓ అని చెప్పి ఉంటే ఎన్నాళ్లు దాగేదోనని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆమె మళ్లీ రాయమని అడగలేదు. సాయంత్రాలు ఇద్దరం వసారాలో ఊరికే కూర్చునేవాళ్లం.

వానలు వెలిశాక కళ్ల వైద్యానికని ఆమెను హైదరాబాదు బస్సెక్కించారు. అటునుంచే దూరాన ఇంకో మిషన్‌కు మార్చారు. నేను ఇటలీ మాటల్లో ఒక కార్డు రాశాను. జవాబు తెలుగులో, వేరొకరి చేత్తో వచ్చింది. చూపు రాలేదని, ఆ భాష చదివిపెట్టేవాళ్లు అక్కడ లేరని, ఇకమీదట తెలుగులోనే రాయమని ఉంది.

అలాగే రాశాను.