ప్రెసిడెంటమ్మ చెప్పిన కుక్క

కాలనీ సంఘానికి ప్రెసిడెంటుగా ఎవరుంటారని అడిగినప్పుడు అందరూ ఒక్కసారిగా నేలచూపులు చూశారు. ఆమె ఒక్కతే తలెత్తి ఉంది. పదవి మీద మోజుతో కాదు. టైలరు కాబట్టి ఎదుటి వరుసలో ఎవరి చొక్కా భుజం ఎంత జారిందో చూస్తూ కూర్చుంది. చప్పట్లు విని ఉలిక్కిపడేసరికి ఎన్నికైపోయింది. ఆ తర్వాత దిగిపొమ్మని ఎవరూ అనలేదు, దిగిపోతానని ఆమె కూడా అనలేదు. ఊరంతా ప్రెసిడెంటమ్మ అనే పిలుస్తారు. ఇంట్లో మాత్రం ఆ పదవి పెళ్లైన నాటి నుంచే ఉందని ఆమె భర్త అంటూ ఉంటాడు.

ఆమె షాపు ఎదురుగా మూడు వీధులు కలిసేచోట మూడు మూలల ఖాళీ స్థలం ఒకటి ఉండేది. మున్సిపాలిటీది. విరిగిన కుర్చీలు, పరుపులు, రంగు డబ్బాలు, ఎవరింట్లోనో ఊడదీసిన సింకు, అన్నీ అక్కడికే చేరేవి. ఒకరోజు కోటు వదులు చేయించుకోవడానికి ఒక ప్రొఫెసరమ్మ షాపుకి వచ్చింది. యూనివర్సిటీలో పట్టణ ప్రణాళిక చెబుతుందట. కొలతలు తీసేలోపు ప్రెసిడెంటమ్మ ఆ స్థలం బాధంతా ఆమెకు వినిపించింది.

"మా పీజీ పిల్లలకి నిజమైన స్థలం, నిజమైన క్లయింటు కావాలి. మీరుంటారా?" అంది ప్రొఫెసరమ్మ.

క్లయింటు అన్న మాట ప్రెసిడెంటమ్మకు తెగ నచ్చింది. ఇన్నేళ్లూ ఎవరో ఒకరు వచ్చి ఇక్కడ బిగుతు, అక్కడ వదులు అని ఆమెను నసపెట్టారు. ఇక ఆ పని తాను చేయొచ్చు.

వచ్చినవాళ్లు ముగ్గురు. అందరిలోకీ ముందుండేది కళ్లజోడు అమ్మాయి. ఆమె వెనక ఎప్పుడూ గుమ్మాలకు తల తగిలించుకునే పొడుగు కుర్రాడు. మూడోవాడు టేపు పట్టుకుని కొలుస్తూ ఉండేవాడు, నోరు విప్పేవాడు కాదు.

"ఈ స్థలాన్ని చూస్తే మీకేమనిపిస్తుంది ఆంటీ?" అని మొదటిరోజే అడిగింది కళ్లజోడు అమ్మాయి.

"ముక్కు మూసుకోవాలనిపిస్తుంది."

ఆ పిల్ల దాన్ని పసుపు కాగితం మీద ఎంతో శ్రద్ధగా రాసుకుంది. అంత శ్రద్ధగా తన మాట ఎవరైనా విని ఎన్నాళ్లయిందో ప్రెసిడెంటమ్మకు గుర్తు రాలేదు. అందుకే, "రేపు మీరు ఇంటినుంచి షాపుకి వెళ్లేటప్పుడు మీతో పాటు నడుస్తాం. మనుషులు ఏ దారిన, ఎందుకు నడుస్తారో చూడాలి" అంటే సంతోషంగా ఊకొట్టింది.

మర్నాడు పొద్దున ముగ్గురూ గుమ్మంలో నిలబడ్డాక గానీ ఆమె గుండెలో రాయి పడలేదు.

సంగతేమిటంటే, ఆమె ఇంటినుంచి తిన్నగా నడిస్తే తోడికోడలి గేటు ముందునుంచి ఆ ఖాళీ స్థలం మీదుగా షాపు చేరొచ్చు. కానీ ఆమె ఆ గేటు ముందు అడుగుపెట్టి ఏళ్లు గడిచాయి. మరిది కొత్తిల్లు కట్టినప్పుడు ఆమె తన చేత్తో పరదాలు కుట్టి ఇచ్చింది. చుట్టాలందరూ ఉండగా తోడికోడలు వాటిని చూసి, "వంకరగా ఉన్నాయేమిటక్కా?" అంది. "పరదాలు బాగానే ఉన్నాయి, వంకరున్నది మీ కిటికీలకి" అంది ఈవిడ. అంతే, మాటలు ఆగిపోయాయి. అన్నదమ్ములిద్దరూ మాత్రం బార్బర్ షాపులో కూర్చుని ఎప్పట్లాగే చదరంగం ఆడుకునేవారు. ఈ గొడవ వల్ల ఇంట్లో తమ జోలికి ఎవరూ రావడం లేదని వాళ్లకు లోలోపల హాయిగానే ఉండేది.

మలుపు దగ్గర ప్రెసిడెంటమ్మ గోడౌను వెనక సందులోకి తిరిగింది. పొడుగు కుర్రాడు ఆగిపోయాడు.

"ఆంటీ, తిన్నగా వెళ్తే షాపు అక్కడే కదా?"

"అటు కుక్కుంది బాబూ."

"కరుస్తుందా?"

"ఒకసారి కరిచింది. ఏళ్లయింది గానీ ఇంకా సలుపుతూనే ఉంది."

"అయ్యో. ఎలా ఉంటుందాంటీ?" అంది కళ్లజోడు అమ్మాయి, పెన్ను తీస్తూ.

"గొంతు పెద్దది. పొద్దస్తమానం గేటు దగ్గరే కాపలా" అంది ప్రెసిడెంటమ్మ. ఆ మాట అన్నందుకు ఆ రోజంతా తనలో తానే నవ్వుకుంది.

నవ్వు ఎంతోకాలం నిలవలేదు. పిల్లలు ఇంటింటికీ వెళ్లి, "అటు వెళ్లాలంటే కుక్క భయం ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. అలా అడిగితే ఎవరు మాత్రం లేదంటారు? బార్బర్ మొరుగుడు విన్నానన్నాడు. రిటైరైన మాస్టారు ఒకటి కాదు రెండున్నాయన్నాడు. బేకరీ ఆయన దానికి చెవి తెగిందని కూడా చెప్పాడు. ప్రెసిడెంటమ్మకు ఈ కబురు షాపులోనే అందింది. నిజం చెప్పేద్దామా అనుకుంది. పదవిలో ఉన్న మనిషి అబద్ధమాడిందంటే బాగుండదనుకుని, బొత్తాలు కుట్టుకుంటూ కూర్చుంది.

నెలాఖరున స్కూలు హాల్లో సమావేశం పెట్టారు. తోడికోడలు వచ్చి మొదటి వరుసలో కూర్చుంది. ఆ స్థలం ఆమె ఇంటి ఎదురుగానే కదా, రాకుండా ఎలా ఉంటుంది? కళ్లజోడు అమ్మాయి తెర మీద, ఆ స్థలంలో రాబోయే పార్కు పటం చూపించింది. తోడికోడలి గేటు చుట్టూ పెద్ద ఎర్ర గుండ్రం.

"ఇది ప్రజలు భయపడే చోటు. అందుకే పార్కు గేటుని వెనక్కి జరిపి, ఇటువైపు ఎత్తుగా గోడ పెట్టాం."

తోడికోడలు లేచింది.

"ఆ గుండ్రంలో ఉన్నది మా ఇల్లేనా అమ్మా?"

"అవునండీ. అక్కడ ఒక కుక్కుందని చాలామంది చెప్పారు. గొంతు పెద్దదట. ఎప్పుడూ గేటు దగ్గరే కాపలా ఉంటుందట."

"మొదట ఎవరు చెప్పారు?"

"పేర్లు బయటపెట్టమండీ. మా నియమం అది."

నియమం బాగానే ఉంది. కానీ పొడుగు కుర్రాడి చూపు అప్పటికే ప్రెసిడెంటమ్మ మీదికి పోయింది. దానివెంట హాలంతా అటే చూసింది.

"మేం కుక్కని పెంచడం లేదు. మా ఆయనకి పడదు" అంది తోడికోడలు, తొణక్కుండా. "ఆ గేటు దగ్గర రోజూ నిలబడేది నేనొక్కదాన్నే. గొంతు కూడా నాదే పెద్దది. కాబట్టి అక్కా, ఆ కుక్క నేనే అయ్యుండాలి."

హాల్లో ముందుగా నవ్వాపుకోలేకపోయింది అన్నదమ్ములే. ప్రెసిడెంటమ్మ చెవిలో మాత్రం కుక్క అన్న మాటకన్నా అక్కా అన్న మాటే ఆగిపోయింది. లేచి నిలబడింది.

"కుక్క లేదు. నేనే కల్పించాను. ఆ పిల్లలు అడుగుతుంటే ఏం చెప్పాలో తోచలేదు." తోడికోడలి వైపు తిరిగింది. "నువ్వు పరదాలు వంకరన్నావు."

"వంకరే కదా."

"కిటికీలూ వంకరే."

"నాకు తెలియదా? ఆయన కట్టించినవేగా. కానీ నువ్వు అందరి ముందూ అన్నావక్కా."

"నువ్వు మాత్రం ఎవరి ముందన్నావు?"

"ఇప్పుడూ అందరి ముందే అనుకుంటున్నారమ్మా" అన్నాడు వెనక నుంచి బార్బర్. దాంతో ఆనాటి సమావేశం అయిపోయింది.

మర్నాడు కళ్లజోడు అమ్మాయి ఒక్కతే షాపుకి వచ్చింది. ఏడ్చినట్టు కళ్లు చెబుతున్నాయి.

"మా సర్వే అంతా బూడిదలో పోసిన పన్నీరైందాంటీ. లేని కుక్కని అంతమంది ఎలా చూశారు?"

"నువ్వంత శ్రద్ధగా అడిగావు కదమ్మా. లేదంటే నొచ్చుకుంటావనుకున్నారు." ప్రెసిడెంటమ్మ మిషను ఆపింది. "తప్పు నాదే. పద, ఇంటింటికీ నేనొచ్చి చెబుతాను."

"వద్దు. ఈసారి మీరు రావద్దు" అంది ఆ పిల్ల గట్టిగానే. తర్వాత గుడ్డల కట్ట పక్కకి జరిపి స్టూలు మీద కూర్చుంది. "నాకొకటే చెప్పండి. అక్కడ మీకేం కావాలి?"

ప్రెసిడెంటమ్మ నోటికి అప్పటిదాకా ఏ మాటా ఇంత ఆలస్యంగా రాలేదు.

"కూర్చోడానికి చోటు. రోజంతా కూర్చునే ఉంటాననుకో. అది పని. ఊరికే, ఎవరో ఒకరి పక్కన కూర్చోవాలని ఉంటుంది."

ఆ పిల్ల ఈసారి ఏమీ రాసుకోలేదు.

పటం మళ్లీ గీశారు. గోడ పోయింది, గేటు ముందుకొచ్చింది. చెత్త ఎత్తడానికి మున్సిపాలిటీ లారీ పంపింది. మిగతా పనికి కాలనీవాళ్లూ పిల్లలూ సెలవురోజుల్లో దిగారు. పొడుగు కుర్రాడి అరచేతులు మొదటి పూటకే బొబ్బలెక్కాయి. ప్రెసిడెంటమ్మ గుడ్డపేలికలు తెచ్చి కట్టు కట్టింది. తోడికోడలు బిందెతో నీళ్లు తెచ్చింది. అక్కడితో ఊరుకోక, మొక్కలు ఎక్కడ నాటాలో ఇద్దరూ చెప్పడం మొదలుపెట్టారు.

"ఎడమకి పెట్టు బాబూ" అని ఒకరు.

"ఎండంతా అటే ఉంటుంది, కుడికి పెట్టు" అని ఇంకొకరు.

కుర్రాడు మొక్కని చంటిపిల్లలా ఎత్తుకుని మధ్యలో నిలబడిపోయాడు. ప్రజల భాగస్వామ్యం గురించి క్లాసులో చాలా విన్నాడు గానీ, అది చేతుల్లో ఇంత బరువుంటుందని ఎవరూ చెప్పలేదు. మాట్లాడని మూడోవాడు వచ్చి, మొక్కని లాక్కుని, సరిగ్గా నడుమ నాటేశాడు. ఇద్దరూ బాగా లేదన్నారు. ఆ ఒక్క విషయంలో ఒక్కమాట మీదికొచ్చారు.

చివర్లో యూనివర్సిటీలో ప్రొఫెసర్ల ముందు ప్రాజెక్టు చూపించారు. క్లయింటుని కూడా మాట్లాడమన్నారు. కొత్తగా ఇస్త్రీ చేసిన చీరలో వెళ్లిన ప్రెసిడెంటమ్మ మైకు పట్టుకుని, "పిల్లలు బాగా చేశారండీ. క్లయింటు చెప్పిందల్లా నమ్మకూడదని కూడా నేర్చుకున్నారు, దానికి విడిగా మార్కులేయండి" అని కూర్చుంది.

ఇప్పుడామె తిన్నదారినే వస్తోంది. దగ్గరిదారి కదా, షాపు పెందలాడే తెరుస్తుందని అంతా అనుకున్నారు. గేటు దగ్గర తోడికోడలు పలకరిస్తుంది. అక్కణ్ణుంచి ఇద్దరూ వెళ్లి కొత్త బెంచీ మీద కూర్చుంటారు. మరిది పిసినారితనం, బేకరీ ఆయన కూతురి సంబంధం, ఇంకా ఇన్నేళ్లూ చెప్పుకోకుండా మిగిలిపోయినవి చాలా ఉంటాయి. షాపు తాళం తీసి కూర్చునేది ఆమె భర్తే. ఆయనకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఎవరైనా వచ్చి, "ప్రెసిడెంటమ్మ ఉన్నారా?" అని అడిగితే, ఎదురుగా బెంచీ మీద ఆమె చేతులూపుతూ కబుర్లు చెబుతూ కనబడుతున్నా సరే, ఆయన ఎంతో మర్యాదగా, "బయల్దేరిందండీ, దారిలో ఉంది" అంటాడు.