నొప్పి తెలియని గుండె

మదనపల్లె టమోటా మార్కెట్లో వేలం పాడే బాలప్ప గొంతు గేటు బయటి ఆటోవాళ్లకు కూడా వినిపించేది. పుంగనూరులో తెల్లవారకముందే బస్సెక్కి వచ్చి, ఎండ ముదిరేదాకా పాడేవాడు. నలభై నిండకుండానే అతని గుండె ఉబ్బిపోయి చేతకానిదైంది. 1999లో చెన్నై డాక్టర్లు, రోడ్డు ప్రమాదంలో పోయిన ఎవరిదో గుండెను అతనికి అమర్చారు.

బతికాడు. కానీ పరాయి గుండె మీద ఒళ్లు తిరగబడకుండా పొద్దునా సాయంత్రం మాత్రలు మింగాలి. వాటివల్ల జబ్బులు తేలిగ్గా అంటుకుంటాయి కాబట్టి గుంపుల్లోకి, దుమ్ములోకి పోవద్దన్నారు. కొన్నేళ్లు ఇంటి అరుగు మీదే గడిపాడు. తర్వాత ఉండబట్టలేక, భార్య తులసమ్మ వద్దంటున్నా మళ్లీ వేలంపాటకు వెళ్లాడు.

2005లో, ఏటా చేసే యాంజియోగ్రామ్‌లో ఆ గుండె రక్తనాళాలు సన్నబడుతున్నాయని తేలింది. అవి మరింత పూడిపోకుండా చెన్నై డాక్టరమ్మ కొత్త మాత్ర రాసింది. దాంతో నోరంతా పుండ్లు. సంగటి మింగలేడు, పాట ఎత్తుకోలేడు. తులసమ్మకు తెలియకుండా ఆ ఒక్క మాత్ర మానేశాడు. పుండ్లు మానాయి, గొంతు తిరిగొచ్చింది. ఎదలో నొప్పన్నది లేదు.

ఒకరోజు పాట మధ్యలోనే ఊపిరాడక టమోటా బాక్సుల మీద కూలబడ్డాడు.

"మాత్రలన్నీ ఏసుకుంటాండావా?" అని తులసమ్మ నిలదీసింది.

"ఒకటి మానేసినా. నొప్పి యాడుండాది? బాగుండాను గదా!"

ఆమె అతన్ని చెన్నైకి తీసుకెళ్లింది.

"మీకు నొప్పి రాదండీ," అంది డాక్టరమ్మ. "గుండె మార్చేటప్పుడు దాని నరాలు తెగిపోతాయి. నాళాలు పూడిపోతున్నా అది మీకు చెప్పదు."

"మాత్ర ఏసుకుంటే గొంతు పోతాది, మానేస్తే పానం పోతాది. నేనేం సేసేదమ్మా?"

"మోతాదు తగ్గిస్తాను. పుండ్లు కొంత తగ్గొచ్చు. పూడిపోయింది మాత్రం మళ్లీ తెరుచుకోదు. మార్కెట్ ఇక వద్దు."

అప్పట్నుంచి తులసమ్మ ఎదుట నిలబడి మాత్రలన్నీ మింగించేది. పుండ్లు తగ్గాయే కానీ పూర్తిగా పోలేదు. మార్కెట్‌వాళ్లు మొదట్లో చూడవచ్చేవారు. దగ్గూ జలుబూ ఉన్నవాళ్లను తులసమ్మ గడప బయటే ఆపేసేది. రానురాను అందరూ రావడం మానేశారు.

మరుసటి ఏడు యాంజియోగ్రామ్‌లో నాళాలు అంతకుమించి సన్నబడలేదని చెప్పారు. తులసమ్మ కళ్లు తుడుచుకుంది. "బతికుండావు. అది సాలు," అంది.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ బాలప్ప, "నీకు సాలు," అన్నాడు.