వెయ్యి వాట్ల డబ్బా, నాయిన కండువా

టీవీ చూస్తూ మేమందరం నవ్వాక, మా ముఖాలు చూసి అప్పుడు నవ్వేవాడు నాయిన. ఆయనకు వినికిడి తగ్గిందని అలా తెలిసింది. కొన్నాళ్లకు హాల్లోకి రావడమే మానేశాడు. గేటు పక్కన కుర్చీ వేసుకుని కరీంనగర్ రోడ్డు మీద పోయే బస్సులు చూస్తూ కూర్చునేవాడు. చెవి మిషన్ తెచ్చిస్తే "చెవుల ఈగ జొచ్చినట్టే ఉన్నది బిడ్డా" అని బీరువాలో పడేశాడు. ఒకప్పుడు శామీర్‌పేట చుట్టుపక్కల ఏ పెళ్లయినా, బోనాలైనా మైకు సెట్టు ఆయనదే. అలాంటి మనిషి సొంతింట్లో మాటలందక బయట కూర్చుంటే చూడలేకపోయాను. ఎలాగైనా ఆయన్ని మళ్లీ హాల్లోకి తేవాలని, హోమ్ థియేటర్ కొందామని పట్టుబట్టాను.

"చెవులు ఇనబడకపోతె డబ్బాలు కొంటరా ఎవలన్న?" అంది అమ్మ. అంటూనే చెప్పులేసుకుని బయల్దేరింది.

మేడ్చల్లో దుకాణానికి ముగ్గురం వెళ్లాం. తక్కువ ధరలో ఉన్న ఒక పెట్టె మీద అరచేతంత అంకెలతో వెయ్యి వాట్లని రాసుంది. నేను పొంగిపోయాను. నాయిన ఆ అట్టపెట్టెను వేలితో కొట్టి చూశాడు.

"నా మైకు మిషన్ అరవై వాట్లే. గండిమైసమ్మ గుడి కాడ పాట పెడితె అవతలి ఊరోళ్లు లేసి కూసుంటుండె."

"గది పాత జమానా పెద్దనాయినా! ఇగ జూడు" అని దుకాణదారు మీట నొక్కాడు. అద్దాల తలుపులు గలగలలాడాయి. నా పక్కటెముకలు కదిలాయి. నాయిన మాత్రం చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని మొహం చిట్లించాడు.

"గుండె అదురుతాంది గని, మాట దెలుస్తలేదు."

ఆ ముక్క వినగానే నాకు మా మైకు సెట్టు రోజులన్నీ కళ్లముందుకొచ్చాయి. గుంజలకు గొట్టం స్పీకర్లు కట్టడం అయిపోయాక మిగతా మైకులవాళ్లంతా ముందు పాట పెడతారు. నాయిన పెట్టేవాడు కాదు. ముందు అమ్మ నడుచుకుంటూ ఊరి చివరింటి దాకా వెళ్లాలి. అప్పుడు నాయిన మైకులో మా ఇంటి సంగతులే అడిగేవాడు: "పొయ్యి మీది పాలు దించొచ్చినవా? తాళమేసినవా?" ఊరంతా పడీ పడీ నవ్వేది. మాట తెలిస్తే అమ్మ కొంగు పైకెత్తేది. చప్పుడు మాత్రమే వస్తే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. అప్పుడు కూడా నాయిన సౌండ్ పెంచేవాడు కాదు. గొట్టాన్ని కొంచెం తిప్పి మళ్లీ అడిగేవాడు. ఎంత బాగుండేవో ఆ సాయంత్రాలు! అమ్మ కొంగు లేచేదాకా నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని.

ఆ రోజు ఏమీ కొనకుండానే వచ్చేశాం. ఇంటికొచ్చి ఫోన్లో ఈ వాట్ల సంగతి చదివాను. చదివినకొద్దీ ఒళ్లు మండింది. ఆ వెయ్యి రెప్పపాటు ఎగిరిపడే శక్తట! దాన్నే అన్ని స్పీకర్లకూ కూడి రాశారు. చూడాల్సింది వేరే. ఎన్ని స్పీకర్లు ఒకేసారి మోగుతుంటే, ఎన్ని ఓమ్‌ల నిరోధం మీద, శబ్దం చెదరకుండా, ఒక్కో దానికి ఆపకుండా ఎన్ని వాట్లు ఇస్తుందన్నది. అది పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పైగా వాట్లు రెట్టింపైనా చెవికి తేడా కొంచెమే. మా హాలుకు నిజంగా పట్టేవి నాలుగైదు వాట్లట. నాయిన అరవై వాట్లు అంత దూరం ఎలా పోయాయో అప్పుడర్థమైంది. గొట్టం శబ్దాన్ని పోగుచేసి ఒకవైపు పంపేది. నేను కూడా ఆ వెయ్యికి పడిపోయినదాన్నే కదా, ఇంకెవరిని తిట్టను!

మర్నాడు వెళ్లి, ఒక్కో స్పీకర్‌కు యాభై వాట్లని ఉన్నదున్నట్టు రాసినది తెచ్చాను. మాటలు వచ్చే నడిమి స్పీకర్‌ను విడిగా పెంచుకునే వీలుంది దానికి. మైకు కూడా ఇచ్చారు.

నాయిన్ని బతిమాలి సోఫాలో కూర్చోబెట్టి వార్తలు పెట్టాను. కాసేపు విన్నాడు.

"చప్పుడైతే వస్తాంది" అన్నాడు. అని లేవబోయాడు.

నా ప్రాణం ఉసూరుమంది. "ఒక్క నిమిషం కూసో నాయినా!" అని అరిచి, గుబగుబమనే పెద్ద డబ్బాను తగ్గించాను. నడిమి స్పీకర్ ఆయన మోకాళ్లవైపు చూస్తోంది. దాని కింద రెండు చెక్కముక్కలు పెట్టి చెవులవైపు ఎత్తాను. టీవీ నోరు మూయించాను.

అమ్మ మైకు తీసుకుంది. అన్నేళ్లూ చివరింటి దగ్గర నిలబడిందే తప్ప, ఆమె మైకు పట్టడం నేనెన్నడూ చూడలేదు. నాయినకు కనబడకుండా ఆయన వెనక, వంటింటి గడపలో నిలబడింది.

"ఏమయ్యా, పొయ్యి మీద పాలున్నయ్. చాయ్ తాగుతవా?"

నాయిన వెనక్కి తిరగలేదు. భుజం మీది కండువా తీసి, చెయ్యి చాపినంత పైకి ఎత్తాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ మైకులోనే ముక్కు ఎగబీల్చింది.

"చక్కెర ఎయ్యాల్నా?"

కండువా మళ్లీ లేచింది.