ఎర్ర మందు పూసిన చెయ్యి

అతన్ని అందరూ నత్త అనేవాళ్లు. ఒక్క బోల్టు విప్పడానికి ముందు దాని చుట్టూ నాలుగుసార్లు చూసే మనిషికి ఇంకేం పేరు పెడతారు? అతను ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. పాడైన ఇంజన్లే విప్పి చూసుకుంటూ మెకానిక్ అయ్యాడు. పెళ్లయ్యాక భార్య అన్న షెడ్డులో చేరాడు. ఆ బావకి గొంతు పెద్దది, చేతికి తొందర ఎక్కువ.

పోయిన వేసవిలో ఫొటో స్టూడియో ఆయన పాత కారుకి ఇంజన్ హెడ్డు విప్పి బాగుచేసి పంపారు. వారం తిరక్కుండానే అది నడిరోడ్డు మీద ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. బావ షెడ్డు ముందు నిలబడి వీధంతా వినేలా అరిచాడు.

"హెడ్డు బిగించింది ఈ నత్తగాడే! వీడి చెయ్యి పడితే ఇంజన్ ఉడికిపోవాల్సిందే!"

హెడ్డు బిగించిన పూట నత్త షెడ్డులోనే లేడు, సామాన్లు తేవడానికి వెళ్లాడు. బిగించింది బావే. ఆ సంగతి నత్త చెప్పబోతే మెడపట్టి బయటికి గెంటాడు.

తర్వాత నత్త ఇంకో వీధిలో చిన్న రేకుల షెడ్డు పెట్టుకున్నాడు గానీ, ఇంజన్ అతని చేతికిచ్చిన పుణ్యాత్ముడు లేడు. అన్నీ పంక్చర్లే. భార్య పక్కనే కూర్చుని కార్ల సీటు కవర్లు కుట్టేది. ట్యూబుకి అతుకు వేసిన ప్రతిసారీ అతను దాన్ని బావ నోటికి వేస్తున్నంత కసిగా నొక్కేవాడు.

చలికాలంలో ఒకరోజు స్టూడియో ఆయనే వచ్చాడు.

"మీ బావ కొత్త రేడియేటర్ వేశాడు. అయినా ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ తగ్గిపోతూనే ఉంది. కింద చుక్క పడదు. పాత బండి కదా, తాగుతుంది, పోస్తూ ఉండండి అంటాడు. నీ దగ్గరికి ఇష్టమై రాలేదు, ముందే చెబుతున్నా."

నత్త చెయ్యి తొందరపడలేదు. ఇప్పుడు పొరపాటు పడితే బావ అన్నదే నిజమైపోతుంది.

ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాడు. రేడియేటర్ మూతి దగ్గర గేజీ ఉన్న పంపు బిగించి గాలి కొట్టాడు. ముల్లు మెల్లగా పడిపోతోంది, ఎక్కడో కారుతోంది. గొట్టాలు పొడిగా ఉన్నాయి, వాటర్ పంపు పొడిగా ఉంది, కారు లోపల కాళ్ల దగ్గర పరిచిన గుడ్డా పొడిగానే ఉంది. అంటే బయటికి పోవడం లేదు. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీశాడు. మూడింటికి మసి ఉంది. మూడో సిలిండర్‌ది మాత్రం అప్పుడే కడిగినట్టు తెల్లగా ఉంది. ప్లగ్గులు లేకుండా ఇంజన్ తిప్పితే ఆ కన్నంలోంచి కూలెంట్ చివ్వున అతని చొక్కా మీదికి చిమ్మింది. హెడ్డు కిందినుంచి సిలిండర్‌లోకి దిగి కాలిపోతోందన్నమాట.

"దొరికావు," అన్నాడు నత్త. ఇంజన్‌తో కాదు.

చేతులు కడుక్కుని బావకి ఫోన్ చేశాడు. "నువ్వొకసారి రావాలి బావా."

బావ ఇద్దరు పనివాళ్లని వెంటేసుకుని వచ్చాడు. "ఏం బావా, పాకడం మానేసి ఫోన్లు మొదలుపెట్టావు?"

పనివాళ్లు ఇకిలించారు. చుట్టుపక్కల షాపులవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు.

"హెడ్డు దగ్గరే కారుతోందని నా అనుమానం," అన్నాడు నత్త అమాయకంగా. "కారకుండా పెట్టే ఎర్ర మందు తక్కువ పూశారేమో."

"తక్కువా?" బావకి పౌరుషం పొడుచుకొచ్చింది. "హెడ్డు కింద పెట్టే గ్యాస్కెట్ రేకుకి రెండు పక్కలా నా చేత్తో దట్టంగా పూసి, నేనే బిగించాను! అక్కడ కారడమేంటి?"

కుట్టుమిషను ఆగింది.

"నువ్వే బిగించావా?" అన్నాడు స్టూడియో ఆయన. "మరి ఆ రోజు వీధిలో పెట్టి ఇతన్ని తిట్టావేం?"

నత్త పానా అందుకుని, ఒక్కో బోల్టూ వదులు చేసి హెడ్డు ఎత్తాడు. గట్టిపడ్డ ఎర్ర మందు కూలెంట్ పోయే కన్నాల్లో బిరడాలా కూర్చుంది. దాని పక్కనే వేడికి గ్యాస్కెట్ మాడిపోయి ఉంది.

బావ చెల్లెలి దగ్గరికి జరిగాడు. "ఇంటి విషయం ఇంట్లో చూసుకుందామమ్మా. నువ్వైనా చెప్పు మీ ఆయనకి."

ఆమె కళ్లద్దాలు తీసింది. "ఆ రోజు వీధిలో అన్నావుగా అన్నయ్యా. ఇదీ వీధే. ఇక్కడే చెప్పు."

బావ నేల చూపులు చూస్తూ గొణిగాడు. "హెడ్డు నేనే బిగించాను. అతని తప్పేం లేదు."

నత్త కర్రపుల్లతో కన్నంలోని ఎర్ర మందు పెకలిస్తున్నాడు. తలెత్తలేదు. "వినపడలేదు."

బావ ఈసారి కాస్త గట్టిగా చెప్పాడు.

"వినపడలేదు బావా."

"ఎదురు షాపులోకి వినపడింది, ఇంక వదిలెయ్యవయ్యా," అన్నాడు స్టూడియో ఆయన.

నత్త పుల్ల కొన తుడిచి రెండో కన్నంలో పెట్టాడు. "నాకు వినపడలేదు," అన్నాడు.